జీరో నాలెడ్జ్ ప్రూఫ్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మామూలు సంతకం చాలు?

"పద్దెనిమిదేళ్లు నిండాయా?" అని ఎవరైనా అడిగితే మనం తీసి ఇచ్చేది ఆధార్ జిరాక్స్. వాళ్లకు కావలసింది ఒక్క ముక్క: నిండాయి, లేదా నిండలేదు. మనం ఇచ్చేదేమో పేరు, అడ్రస్, ఫొటో, పుట్టిన తేదీ, పన్నెండంకెల నంబరు. ఆ కాగితం లాడ్జి కౌంటరు సొరుగులోంచి ఎటు పోతుందో మనకు తెలియదు. ఏ మిరపకాయ బజ్జీల పొట్లంగానో మళ్లీ మన చేతికే వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ జబ్బుకు మందు ఉందని క్రిప్టోగ్రఫీ వాళ్లు నలభై ఏళ్ల నుంచి చెబుతున్నారు. 1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ రాసిన పరిశోధన పత్రంతో జీరో నాలెడ్జ్ ప్రూఫ్ (పొట్టిగా జెడ్‌కే) అనే ఆలోచన మొదలైంది. ఒక మాట నిజమని ఎదుటివాడికి నమ్మకం కుదరాలి, ఆ మాట తప్ప ఇంకేమీ వాడికి తెలియకూడదు. గత పదేళ్లలో ఇది పేపర్లలోంచి ప్రొడక్షన్‌లోకి వచ్చింది. దాంతోపాటే మార్కెటింగ్ స్లయిడ్లలోకీ వచ్చేసింది. "మా ప్రోడక్ట్‌లో కూడా జెడ్‌కే పెట్టాలా?" అని నన్ను అడిగిన చిన్న కంపెనీల వాళ్లలో ఎక్కువ మందికి వద్దనే చెప్పాను. ఎందుకు వద్దన్నానో, ఎవరిని మాత్రం పెట్టుకోమన్నానో, పెట్టుకుంటే ఏ రకం మంచిదో ఇక్కడ రాస్తున్నాను.

రెండు జాడీల పరీక్ష

మీ అమ్మమ్మ దగ్గర ఒకేలా కనిపించే రెండు ఆవకాయ జాడీలున్నాయి అనుకోండి. ఒకటి నిరుటిది, ఇంకోటి ఈ ఏడాదిది అంటుంది ఆవిడ. మీ ముక్కుకు రెండూ ఒకటే. నమ్మడం ఎలా? ఆవిడను అటు తిరగమని చెప్పి జాడీల చోటు మార్చండి, లేదా మార్చకుండా అలాగే ఉంచండి. ఆవిడ ఇటు తిరిగి, మూత తీసి వాసన చూసి, "మార్చావు" అనో "మార్చలేదు" అనో చెప్పాలి. ఒకసారి గుడ్డిగా చెప్పినా తగిలిపోవచ్చు. వరసగా ఇరవై సార్లు గుడ్డిగా చెప్పి నెగ్గే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా ఉండదు.

ఇందులో కిటుకేమిటంటే, ప్రతిసారీ ఆవిడ చెప్పిన జవాబు మీకు ముందే తెలుసు. జాడీలు మార్చింది మీరే కదా. కాబట్టి ఆవిడ నోటి నుంచి మీకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఏది పాతదో ఇప్పటికీ తెలియదు, వాసన పట్టే విద్యా రాలేదు. రెండూ వేరన్న నమ్మకం మాత్రం కుదిరింది. 1986లో ఫియట్, షమీర్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతిలో, మీరు అడగాల్సిన ఆ ప్రశ్నలను హ్యాష్ ఫంక్షన్ (ఏ డేటానైనా వేలిముద్ర లాంటి చిన్న సంఖ్యగా మార్చే సూత్రం) చేత అడిగించి మొత్తాన్ని ఒక చిన్న ఫైలుగా మార్చేయవచ్చు. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ప్రూఫ్ అంటున్నది దాదాపుగా ఆ ఫైలునే.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ పరీక్ష తేల్చింది జాడీలు రెండూ వేరని మాత్రమే. వాటిలో ఒకటి నిరుటిదేనని తేల్చలేదు. ఆ మాటకు అమ్మమ్మ మీద మీకున్న నమ్మకమే ఆధారం.

అసలు ఇది మీకు కావాలా?

ఒక కాగితం తీసుకుని ఈ వాక్యాన్ని పూర్తి చేయండి: "ఫలానా వాళ్లకు, ఫలానా సంగతి నిజమని తెలియాలి; కానీ ఫలానా వివరం తెలియకూడదు." నేను చూసినంతలో చాలామంది మూడో ఖాళీ దగ్గర ఆగిపోతారు. ఆ వివరాన్ని ఎలాగూ తమ డేటాబేస్‌లో దాచుకోబోతున్నామని అప్పుడు వాళ్లకే గుర్తొస్తుంది. అలాంటప్పుడు జెడ్‌కే పెట్టడమంటే ఇంటి తలుపు తీసి ఉంచి కిటికీకి తాళం వేయడమే.

మూడూ నింపగలిగారంటే, ఇంతకంటే చవకైన దారి ఉందేమో చూడాలి. ఒకే పత్రంలో కొన్ని వివరాలు చూపించి మిగతావి దాచిపెడితే చాలనుకున్నప్పుడు సెలెక్టివ్ డిస్‌క్లోజర్ సరిపోతుంది. పత్రం ఇచ్చేవాడు ప్రతి వివరానికీ విడిగా హ్యాష్ వేసి, అన్నిటి మీదా ఒకే డిజిటల్ సంతకం పెడతాడు. మీరు అవసరమైన వివరాన్ని మాత్రం తెరిచి చూపిస్తారు. ఎస్‌డీ-జేడబ్ల్యూటీ అనే పద్ధతీ, మొబైల్ డ్రైవింగ్ లైసెన్సుల కోసం వచ్చిన ఐఎస్ఓ 18013-5 ప్రమాణమూ ఇలాగే పనిచేస్తాయి. ఈ రెండో దాంట్లో "18 దాటాయి" అనేదే విడిగా ఒక వివరంగా పెట్టే వీలుంది, పుట్టిన తేదీ చూపించే పనే లేదు. మామూలు వెబ్ డెవలపర్లకు అర్థమయ్యే టెక్నాలజీ, లైబ్రరీలు ఉన్నాయి. లోపం ఒకటే: ఒక పత్రాన్ని ఎక్కడ చూపించినా అదే సంతకం కనబడుతుంది. రెండు దుకాణాల వాళ్లు రికార్డులు పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరి దగ్గరికీ వచ్చింది ఒకే మనిషని పట్టేస్తారు. మీ పనిలో అది ఇబ్బంది కాకపోతే జెడ్‌కే దాకా పోనక్కర్లేదు.

రెండు పక్కలా రహస్యాలున్నప్పుడు లెక్క వేరు. రెండు బ్యాంకులు తమ ఖాతాదారుల జాబితాలు బయటపెట్టకుండా ఇద్దరినీ మోసం చేసినవాడు ఎవరో తేల్చుకోవాలంటే మల్టీ పార్టీ కంప్యుటేషన్ కావాలి. జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌లో రహస్యం ఒక్క పక్కే ఉంటుంది.

ఎక్కువ మంది బోల్తా పడేది మరో చోట. డేటాను వేరేవాళ్ల సర్వర్‌లో పెట్టాలి, వాళ్లు దాన్ని చూడకుండానే లెక్క కట్టి ఇవ్వాలి. దానికి హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ వాడాలి, లేదా ప్రాసెసర్‌లోనే తాళం వేసి ఉండే సురక్షిత హార్డ్‌వేర్ వాడాలి. ఎందుకంటే ప్రూఫ్ తయారుచేసేవాడు అసలు డేటా మొత్తం చూడాల్సిందే. ఆసుపత్రి రికార్డులను క్లౌడ్‌కు పంపి "అక్కడ జెడ్‌కే చేస్తాం" అంటే, క్లౌడ్ వాడికి అన్నీ చూపించి పక్కింటివాడి దగ్గర దాచినట్టు.

ఇంకో తికమక కూడా ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్లు, ఫైల్ స్టోరేజీ కంపెనీలు "జీరో నాలెడ్జ్" అని అట్ట మీద వేసుకుంటాయి. మీ డేటాకు మీ ఫోన్లోనే తాళం పడుతుంది, తాళంచెవి మా దగ్గర ఉండదు అని దాని అర్థం. మంచి పద్ధతే, కానీ అందులో ప్రూఫ్ అనేదేమీ లేదు. టెండర్ పత్రాల్లో ఈ రెండింటినీ కలిపేసి రాయడం నేను చూశాను.

సంతకం ఎవరిది?

ఆ మధ్య ఒక వెండర్ డెమోకు వెళ్లాను. వయసు నిర్ధారణ యాప్. పుట్టిన సంవత్సరం టైప్ చేయమన్నారు. 2016 అని కొట్టాను, అర్హత లేదంది. 1990 అని కొట్టాను, ఫోన్ కాసేపు ఆలోచించి ప్రూఫ్ తయారుచేసి ఆకుపచ్చ టిక్కు చూపించింది. గణితంలో ఎక్కడా తప్పు లేదు. "ఇక్కడ టైప్ చేసిన సంవత్సరం నుంచి 18 ఏళ్లు దాటాయి" అన్న మాట ముమ్మాటికీ నిజం. ఆ సంవత్సరం నాదేనని ఎవరు చెప్పారు అని అడిగితే, "అది నెక్స్ట్ ఫేజ్‌లో సార్" అన్నారు.

ఆవకాయ జాడీల సంగతి ఇక్కడికే వస్తుంది. ప్రూఫ్ లోపలికి పోసిన డేటా మీద నమ్మదగిన వాళ్ల సంతకం లేకపోతే ప్రూఫ్‌కు విలువ లేదు. ఏ రంగంలో జెడ్‌కే పనికొస్తుందో, ఎక్కడ అలంకారంగా మిగిలిపోతుందో తేల్చడానికి నేను వాడే మొదటి గీటురాయి ఇదే. క్రిప్టో కరెన్సీల్లో ఇది ముందుగా స్థిరపడడానికి కారణం కూడా అదే అనుకుంటాను. అక్కడ ప్రతి లావాదేవీ మీదా సంతకం ముందే ఉంటుంది.

గుర్తింపు రంగంలో మన దగ్గర ఆ సంతకం ఉంది. ఆధార్ కాగితం మీది సెక్యూర్ క్యూఆర్ కోడ్‌లో పేరు, పుట్టిన తేదీ, లింగం, అడ్రస్, ఫొటోతో పాటు యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది, 2048 బిట్ల ఆర్ఎస్ఏ సంతకం. దాన్ని ఫోన్లోనే చదివించి, "ఈ సంతకం అసలైనదే, లోపలి పుట్టిన తేదీ ప్రకారం 18 నిండాయి" అని మాత్రం ప్రూఫ్ తయారుచేయవచ్చు. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ వెనకున్న ఇథీరియం ఫౌండేషన్‌లోని ఒక పరిశోధన బృందం అనాన్ ఆధార్ అనే పేరుతో సరిగ్గా ఇదే చేసి, కోడ్ అందరికీ తెరిచి పెట్టింది.

చూడగానే ముచ్చటేస్తుంది. కానీ మొదట్లో చెప్పిన జిరాక్స్ గుర్తుందా? దాని మీద ఆ క్యూఆర్ కోడ్ కూడా ఉంది. సొరుగులో మీ కాగితం ఉన్న ఎవడైనా మీ పేరున ప్రూఫ్ తయారుచేయగలడు. ఈ ప్రూఫ్ చెప్పేది "నా దగ్గర ఒక అసలైన ఆధార్ క్యూఆర్ ఉంది" అని. "ఆ ఆధార్ నాదే" అని చెప్పదు. పైగా ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకునే పద్ధతిని ఈపీఎఫ్ఓ 2024 జనవరిలోనే ఆపేసింది. కాబట్టి డిస్కౌంట్ కూపన్‌కో, ఆన్‌లైన్ పోల్‌కో ఇది బాగానే ఉంటుంది. మద్యం అమ్మడానికి, అప్పు ఇవ్వడానికి చాలదు.

దీనికి విరుగుడు, పత్రాన్ని ఫోన్‌లోని సురక్షిత చిప్‌కు కట్టేయడం. మొబైల్ డ్రైవింగ్ లైసెన్సుల ప్రమాణంలో ఆ ఏర్పాటు ఉంది. జిరాక్స్ తీయడానికి అక్కడ ఏమీ ఉండదు, చిప్ సంతకం చేస్తేనే పత్రం చెల్లుతుంది. గూగుల్ 2025 జులైలో ఓపెన్ సోర్స్ చేసిన లాంగ్‌ఫెలో అనే లైబ్రరీ ఈ దారిలోనే వచ్చింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది. ప్రభుత్వాలు ఇప్పటికే వాడుతున్న ఈసీడీఎస్ఏ సంతకాలనూ షా-256 హ్యాష్‌నూ అలాగే ఉంచి, వాటి మీద ప్రూఫ్ కడుతుంది. పత్రం ఇచ్చేవాడు తన పద్ధతి మార్చుకోనక్కర్లేదు. ప్రభుత్వ ఆఫీసులతో పని చేసినవాళ్లకు ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

ఇది ఇప్పుడు ఎందుకు వేడెక్కిందంటే చట్టాల వల్ల. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న నిబంధన 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాలు 2026 చివరికల్లా పౌరులకు డిజిటల్ గుర్తింపు వాలెట్ ఇవ్వాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూసుకోదగిన అనుమతి, ఉండాలి. పిల్లల విషయంలో తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కాబట్టి గేమింగ్, ఎడ్‌టెక్ కంపెనీలకు నా సలహా: వయసు ప్రూఫ్‌ను సొంతంగా కట్టకండి. వాలెట్లు ఇచ్చే ప్రూఫ్‌ను సరిచూసే కోడ్‌కు మీ యాప్‌లో చోటు ఉంచుకోండి. తయారుచేయడం కష్టమైన పని, సరిచూడడం సులువైన పని. సులువైనది మీరు తీసుకోండి.

అప్పులు, బ్యాంకులు, ఎక్స్ఛేంజీలు

హైదరాబాద్‌లో చిన్న లోన్ యాప్ నడిపే మిత్రుడొకాయన, "కస్టమర్ బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడకుండా సగటు బ్యాలెన్స్ ఇరవై వేలు దాటిందని తెలుసుకుంటే ఎంత బాగుంటుంది!" అని ఉత్సాహపడ్డాడు. చేయగలం. అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరు నుంచి నడుస్తోంది, అందులో బ్యాంకు నుంచి వచ్చే డేటా మధ్యవర్తికి కనబడకుండా అప్పిచ్చేవాడికి చేరుతుంది. కానీ ఆయన రిస్క్ టీమ్‌ను పిలిచి కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. వాళ్లకు సగటు బ్యాలెన్స్ ఒక్కటే చాలదు. జీతం ఏ తేదీన పడుతోంది, ఈఎంఐ చెక్కులు బౌన్స్ అయ్యాయా, ఒకటో తేదీన వచ్చిన డబ్బు మూడో తేదీకి ఖాళీ అవుతోందా, అన్నీ కావాలి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం రికార్డులు ఐదేళ్లు దాచాలి కూడా. మన వాక్యంలో మూడో ఖాళీ, అంటే తెలియకూడని వివరం, ఆయన వ్యాపారంలో లేదు. జెడ్‌కే పక్కన పెట్టి, తీసుకున్న డేటాను ఎన్నాళ్లకు చెరిపేయాలో ఒక పాలసీ రాసుకున్నాడు. ఆయన కస్టమర్లకు దానివల్లే ఎక్కువ మేలు.

బ్యాంకింగ్‌లో దీనికి నప్పే పనులు లేకపోలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఐఎన్‌జీ బ్యాంకు 2017లోనే రేంజ్ ప్రూఫ్ కోడ్ బయటపెట్టింది. జీతం ఎంతో చెప్పకుండా, ఇంత నుంచి ఇంత లోపల ఉందని చూపించే రకం అది. ఇంటి అద్దెకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఓనరుకు జీతం స్లిప్ మొత్తం ఇవ్వకుండా "అద్దెకు మూడింతలు సంపాదిస్తున్నాడు" అని చూపిస్తే చాలు. ఓనరుకు రికార్డులు దాచే చట్టబద్ధమైన పని లేదు, చూడకూడని వివరం స్పష్టంగా ఉంది. కావలసిందల్లా జీతం స్లిప్ మీద కంపెనీ డిజిటల్ సంతకం. అది లేకనే ఆగిపోతున్నాం.

క్రిప్టో ఎక్స్ఛేంజీల కథ ఇంకా ఆసక్తికరం. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కూలిపోయాక, "మా దగ్గర కస్టమర్ల డబ్బు భద్రంగా ఉంది" అని నిరూపించుకోవాల్సిన టెన్షన్ అన్ని ఎక్స్ఛేంజీలకూ పట్టుకుంది. కస్టమర్ల బ్యాలెన్సులన్నీ హ్యాష్ చెట్టుగా కట్టి చూపించడం పాత పద్ధతి. అందులో మోసానికి ఒక సందు ఉంది. మధ్యలో ఒక దొంగ ఖాతా సృష్టించి దానికి మైనస్ వంద కోట్లు అని రాస్తే, కస్టమర్లకు ఎక్స్ఛేంజీ బాకీ పడ్డ మొత్తం వంద కోట్లు తగ్గిపోతుంది. 2023 ఫిబ్రవరిలో బైనాన్స్ దీనికి స్నార్క్ రకం ప్రూఫ్‌ను (ఎంత పెద్ద లెక్కకైనా చిన్నగా ఉండి, ఇట్టే సరిచూడగలిగే రకం) జోడించింది: ఏ ఖాతాలోనూ మైనస్ లేదు, కూడిక సరిపోయింది, ఎవరి బ్యాలెన్సూ బయటపడలేదు. ఆ తర్వాత ఓకేఎక్స్ దానికి చుట్టమైన స్టార్క్ రకం తెచ్చింది. జెడ్‌కే తన పనిని చక్కగా చేసిన చోటు ఇది. అయినా పెట్టుబడి పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ రోజు చూపించిన ఆస్తి ముందు రోజు రాత్రి అప్పు తెచ్చిందా కాదా అన్నది ఈ ప్రూఫ్ చెప్పదు. తనిఖీ రోజున పక్క దుకాణం నుంచి సరుకు తెచ్చి అలమరాలు నింపిన వ్యాపారులు మనకు కొత్త కాదు.

ఇథీరియం మీద నడిచే జెడ్‌కే రోలప్‌ల గురించి రెండు మాటలు. పేరులో జెడ్‌కే ఉన్నా వీటిలో చాలావాటిలో గోప్యత లేదు. వేల లావాదేవీలను ఒకచోట లెక్క కట్టి, లెక్క సరిగ్గా ఉందని ఒక చిన్న ప్రూఫ్ పైకి పంపుతాయి. ఖర్చు తగ్గించడమే ఉద్దేశం. ఎవరు ఎవరికి ఎంత పంపారో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. గోప్యత కోసం రోలప్ ఎంచుకుంటే పొరపాటు చేసినట్టే.

మందులు, ఓట్లు

అమెరికాలో 2013లో వచ్చిన మందుల సరఫరా భద్రతా చట్టం ప్రకారం, ప్రతి మందు పెట్టె ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో జాడ తెలియాలి. హైదరాబాద్ నుంచి ఫార్ములేషన్లు అమెరికాకు పంపే కంపెనీలకు ఈ నంబర్ల గొడవ బాగా తెలుసు. పోటీదారులంతా ఒకే లెడ్జర్‌లో రాస్తే ఎవరు ఎవరికి ఎంత అమ్ముతున్నారో అందరికీ తెలిసిపోతుంది. మెడీలెడ్జర్ అనే ప్రాజెక్టు అందుకే స్నార్క్‌లను వాడింది. పెట్టె చేతులు మారిందని తెలుస్తుంది, వ్యాపార రహస్యం దాగుతుంది. ఇక్కడా జాడీల సమస్యే. పెట్టె మీది నంబరు అసలైనదని ప్రూఫ్ చెబుతుంది, లోపలి మాత్ర అసలైనదని చెప్పలేదు. సీలు, ల్యాబ్ పరీక్ష లేకుండా ఒంటరిగా దీన్ని నమ్ముకోకూడదు. పోటీదారులతో లెడ్జర్ పంచుకోవాల్సిన కన్సార్టియంలకైతే పెట్టుకోమంటాను. ఒకే కంపెనీ తన గోడౌన్ల మధ్య సరుకు చూసుకోవడానికి మామూలు డేటాబేస్ చాలు.

ఓట్ల లెక్కింపు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ, ఎందుకంటే అక్కడ పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఎలక్షన్‌గార్డ్‌ను 2020 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఫుల్టన్ అనే చిన్న ఊళ్లో వాడి చూశారు. ఓటును ఎన్‌క్రిప్ట్ చేసి, విప్పకుండానే కూడతారు. కూడిక సరే, హ్యాక్ అయిన యంత్రం ఒక ఓటుకు బదులు లోపల 100 అని పెడితే? అందుకే ప్రతి ఓటుతోనూ "లోపల ఉన్నది సున్నా లేదా ఒకటి, మరేమీ కాదు" అనే ప్రూఫ్ ఉంటుంది. దీనికి స్నార్క్‌లు, స్టార్క్‌లు ఏవీ వద్దు. 1990ల నాటి సిగ్మా ప్రోటోకాల్ రకం ప్రూఫ్‌లే చాలు, తేలికగా, వేగంగా అయిపోతాయి. మీ వాక్యం ఇంత చిన్నదైతే మీరూ వాటి దగ్గరే ఆగండి. కొత్త టెక్నాలజీ మోజులో చాలామంది వీటిని మర్చిపోతున్నారు.

గణితం బాగుంటే ఎన్నిక బాగున్నట్టేనా అంటే, 2025లో జరిగింది వినండి. ప్రపంచ క్రిప్టోగ్రఫీ పరిశోధకుల సంఘం ఐఏసీఆర్ తన ఎన్నికలను హీలియోస్ అనే ఇలాంటి వ్యవస్థ మీదే నడుపుతుంది. ఫలితం తెరవడానికి ముగ్గురి తాళంచెవులు కావాలి. ఒకరు తన తాళంచెవి పోగొట్టుకున్నారు. ఫలితం తెరవలేక ఎన్నిక మళ్లీ పెట్టారు, ఈసారి ముగ్గురిలో ఇద్దరు చాలని మార్చుకుని. మన ఖమ్మంలో 2021 అక్టోబరులో మొబైల్ ఫోన్ ఓటింగ్‌ను ప్రయోగాత్మకంగా డమ్మీ ఎన్నికతో చూశారు. అలాంటివి నిజం ఎన్నికలకు వస్తే ఎదురయ్యే ప్రశ్నకు ఏ ప్రూఫూ జవాబు చెప్పలేదు: ఇంట్లో కూర్చుని ఫోన్లో ఓటేస్తుంటే పక్కన డబ్బు కవరు పట్టుకుని నిలబడ్డది ఎవరు?

మెషీన్ లెర్నింగ్ మోడల్ సరైన జవాబే ఇచ్చిందని జెడ్‌కేతో నిరూపించడం గురించి కూడా అడుగుతుంటారు. పెద్ద మోడళ్లకు ప్రూఫ్ కట్టే ఖర్చు ఇంకా భరించలేనిది. చిన్న స్కోరింగ్ మోడల్ అయితే ప్రయత్నించవచ్చు.

ఏ రకం ప్రూఫ్?

ఇంతదూరం వచ్చాక కూడా మీకు జెడ్‌కే కావాలనిపిస్తే, రకం ఎంచుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ప్రూఫ్‌ను సరిచూసేది ఎక్కడ?

బ్లాక్‌చెయిన్ మీద అయితే ప్రతి బైటుకూ డబ్బు కట్టాలి. 2016లో యెన్స్ గ్రోత్ ఇచ్చిన గ్రోత్16 ఇక్కడ ఇప్పటికీ రాజు. ప్రూఫ్ దాదాపు 200 బైట్లు, ఈ పేరాలోని ఒక వాక్యమంత కూడా ఉండదు. కానీ దానికి ట్రస్టెడ్ సెటప్ కావాలి. మొదట్లో కొన్ని రహస్య సంఖ్యలతో పారామీటర్లు తయారుచేసి, ఆ రహస్యాలను నాశనం చేయాలి. అవి ఎవడి దగ్గరైనా మిగిలితే వాడు దొంగ ప్రూఫ్‌లు అచ్చు వేసుకోవచ్చు. పైగా మీ సర్క్యూట్‌లో, అంటే నిరూపించాల్సిన మాటను సమీకరణాలుగా రాసిన కోడ్‌లో, ఒక్క లైను మార్చినా ఈ తతంగం మళ్లీ చేయాలి. 2019లో వచ్చిన ప్లాంక్ ఈ బాధ కొంత తగ్గించింది. సెటప్ ఒకసారి చేస్తే వేర్వేరు సర్క్యూట్లకు అదే పనికొస్తుంది, ప్రూఫ్ కాస్త పెద్దది. నియమాలు తరచూ మారే వ్యాపారమైతే ప్లాంక్ కుటుంబం వైపే చూడండి. వడ్డీ నిబంధన మారినప్పుడల్లా తతంగం పెట్టుకోలేరు.

సరిచూసేది మీ సొంత సర్వర్‌లో అయితే సైజు గొడవ లేదు. 2018లో ఎలీ బెన్-సాసన్ బృందం ఇచ్చిన స్టార్క్‌లు పదుల నుంచి వందల కిలోబైట్లు ఉంటాయి, అయినా మీ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే ఎక్కువేమీ కాదు. సెటప్ లేదు, హ్యాష్ ఫంక్షన్ల మీదే ఆధారపడతాయి కాబట్టి క్వాంటం కంప్యూటర్ల భయమూ తక్కువ. ఆ భయం గురించి ఒక సూక్ష్మం: గ్రోత్16 లాంటివి రేపు క్వాంటం కంప్యూటర్‌తో విరిగినా, నిన్న ఇచ్చిన ప్రూఫ్‌ల్లో దాగిన రహస్యం బయటపడదు. కొత్తగా దొంగ ప్రూఫ్‌లు తయారవుతాయి, అంతే. ఆరోగ్య రికార్డుల వాళ్లకు ఇది ఊరట, డబ్బు వ్యవహారాల వాళ్లకు కాదు.

ఒక సంఖ్య ఫలానా పరిధిలో ఉందని చూపితే చాలంటే బుల్లెట్‌ప్రూఫ్స్ ఉన్నాయి. సెటప్ లేదు, ప్రూఫ్ ఒక కిలోబైటు లోపే. మొనేరో అనే క్రిప్టో కరెన్సీ 2018 అక్టోబరులో వీటికి మారితే లావాదేవీ సైజు సుమారు 80 శాతం తగ్గింది. వాక్యం పెరిగే కొద్దీ సరిచూసే సమయం కూడా పెరుగుతూ పోతుంది, అందుకే పెద్ద లెక్కలకు పనికిరావు.

ప్రూఫ్ తయారుచేసేది పాత ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, లోపల ఏ హ్యాష్ వాడారో చూడండి. షా-256 ఒక్క బ్లాకుకు పాతిక వేలకు పైగా సమీకరణాలు పడతాయి, పోసైడన్ లాంటి జెడ్‌కే కోసం పుట్టిన హ్యాష్‌కు కొన్ని వందలు చాలు. సంతకం చేసే సంస్థ మీ చేతిలో ఉంటే పోసైడన్ వాడించండి. ప్రభుత్వ పత్రమైతే ఆ అదృష్టం ఉండదు.

వెండర్ వచ్చినప్పుడు

తప్పు డేటాతో ప్రూఫ్ చేసి చూపించమని ముందు అడగండి, నాకు ఎదురైన డెమో లాంటివి అక్కడే బయటపడతాయి. ఆడిట్ రిపోర్టు అడగండి, అది లైబ్రరీదా, వాళ్లు రాసిన సర్క్యూట్‌దా అన్నది చూడండి. 2019లో, క్రిప్టో లావాదేవీల జాడ దాచే టోర్నడో క్యాష్‌లో దొరికిన లోపం ఒక గుర్తు పొరపాటు. సమీకరణాన్ని విధించాల్సిన చోట ఊరికే విలువ రాసుకునే గుర్తు పడింది. కోడ్ నడిచింది, పరీక్షలన్నీ పాసయ్యాయి, దొంగ ప్రూఫ్‌లూ పాసయ్యేవి. ఆ బృందమే ముందుగా కనిపెట్టి, తమ ఖజానాను తామే దోచి డబ్బు కాపాడుకుంది.

ఇక ఆఖరి ప్రశ్న, ఎవరూ అడగనిది: "ఒక దొంగ ప్రూఫ్ దాటిపోయిందంటే మీకు ఎలా తెలుస్తుంది?" లావాదేవీలను దాచిపెట్టే క్రిప్టో కరెన్సీ జీక్యాష్ 2016లో మొదలైనప్పుడు సెటప్ తతంగంలో ఆరుగురు పాల్గొన్నారు. వాళ్లలో మారుపేరుతో ఉన్న ఒకరు, అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ అని 2022లో బయటపడింది. అంత జాగ్రత్తగా చేసిన సెటప్ ఒకవైపు ఉండగా, అది ఆధారపడిన పరిశోధన పత్రంలోనే ఒక లోపం ఉంది. 2018 మార్చిలో వాళ్ల పరిశోధకుడు ఏరియల్ గాబిజోన్ పట్టుకున్నాడు. ఎవడైనా నాణేలు ఎన్నైనా సృష్టించుకోగల లోపం. గుట్టుగా అక్టోబరులో సరిచేసి, 2019 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. ఎవరైనా వాడుకున్నారా అని చూడడానికి లోపలికి తొంగి చూసే వీలే లేదు, దాచిపెట్టడమే దాని పని కదా. అందుకని వాళ్లు పాత ఖజానాకు ఒక గేటు పెట్టారు. లోపలికి ఎన్ని నాణేలు వెళ్లాయో, బయటికి ఎన్ని వస్తున్నాయో బయట నిలబడే లెక్కపెడతారు. వెళ్లినవాటి కంటే ఎక్కువ బయటికి రాబోతే గేటు ఒప్పుకోదు. మీ వెండర్ సిస్టమ్‌లో అలాంటి గేటు ఎక్కడుందో బొమ్మ గీసి చూపించమనండి.